ఖాళీ కూడా గీసిందే

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పలనాటి సున్నపురాయి పలక ఒకటుంది. అమరావతి మహాచైత్యం నుంచి వెళ్లిన రాయి అది. రెండు వైపులా శిల్పం ఉంటుంది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో చెక్కిన వైపు చూస్తే ఒక చెట్టు, చెట్టు కింద ఆసనం, బుద్ధపాదాలు, అటూ ఇటూ చేతులు జోడించిన మనుషులు కనిపిస్తారు. ఆసనం మీద మాత్రం ఎవరూ ఉండరు. సుమారు మూడు శతాబ్దాలు గడిచాక వేరొక శిల్పి అదే పలకను తిప్పి, వెనక వైపు ఏకంగా స్తూపాన్నే చెక్కాడు. ఈ వైపు వేలు పెట్టడానికి కూడా చోటుండదు. స్తూపం గుమ్మటం, అంటే అండం నిండా కథలు, పైనంతా దేవతలు, కిందంతా భక్తులు. నడిమి ద్వారంలో బుద్ధుడు స్వయంగా నిలబడి ఉంటాడు.

రాయి ఒకటే, ఊరు ఒకటే, ధర్మం ఒకటే. ఒక శిల్పి నడిమధ్య చోటు వదిలాడు, మరొకడు ఎక్కడా వదల్లేదు. ఇద్దరూ ఆరితేరిన పనివాళ్లే. బొమ్మ గురించి మాట్లాడాల్సి వస్తే మనం గీత బాగుందంటాం, రంగు కుదిరిందంటాం, ముఖంలో కళ ఉందంటాం. వాటి నడుమ ఉన్న చోటు మన మాటల్లోకి రాదు. అది పని అయిపోయాక మిగిలిపోయిన జాగా అనుకుంటాం. నిజానికి బొమ్మ దగ్గరికి వెళ్లాలా, దూరంగా ఆగాలా, నడుస్తూ చూడాలా, కూర్చుని వినాలా అన్నది మనకు చెప్పేది ఆ చోటే. చూసేవాడి స్థానాన్ని కళాకారుడు ఖాళీతో నిర్ణయిస్తాడు. అమరావతి నుంచి ఫ్లోరెన్స్ దాకా, చేర్యాల నుంచి క్యోటో దాకా ఒక్కొక్కరు ఈ పని ఒక్కో తీరుగా చేశారు. అవన్నీ ఒకే దారిలో ముందుకు నడిచిన మెట్లని నేననుకోను. ఎవరి అవసరం వారిది, ఎవరి ప్రేక్షకులు వారివాళ్లు.

ఎవరూ లేని ఆసనం

ఖాళీ ఆసనం దగ్గర ఇంకాసేపు ఆగాలి. ఆ శిల్పికి మనిషిని చెక్కడం రాక వదిలేశాడని ఎవరూ అనలేరు. చుట్టూ ఉన్న భక్తుల భుజాలు, మెడలు, వేళ్లు ఎంత చక్కగా తీర్చాడో చూస్తే చాలు. తొలి బౌద్ధ శిల్పంలో బుద్ధుణ్ని మనిషి రూపంలో చూపలేదని, చెట్టు, చక్రం, పాదాలు, ఛత్రం ఆయనకు గుర్తులని చాలాకాలంగా పండితులు చెబుతూ వచ్చారు. 1990లో సూసన్ హంటింగ్టన్ అనే అమెరికన్ కళాచరిత్రకారిణి ఈ అభిప్రాయాన్ని గట్టిగా ప్రశ్నించారు. ఇలాంటి దృశ్యాలు చాలావరకు బుద్ధుని జీవిత ఘట్టాలు కావనీ, ఆయన తర్వాత జనం ఆ పుణ్యస్థలాలకు వెళ్లి చేసుకున్న పూజలనీ ఆమె వాదం. చర్చ ఇంకా తెగలేదు. ఎవరి మాట నిజమైనా, మన కంటికి జరిగేది ఒకటే.

అదేమిటంటే, పలక మీద ఉన్న ప్రతి ఆకారం ఆ ఖాళీ వైపే వంగి ఉంటుంది. పైన చెట్టు కొమ్మలు గొడుగులా కమ్ముకుంటాయి. కింద పాదాలు ఉంటాయి. పక్కల నుంచి జోడించిన చేతులు ఉంటాయి. నాలుగు దిక్కులా ఇన్ని చేరాక నడుమ మిగిలిన చోటుకు ఒక హద్దు వస్తుంది. కూర్చున్న మనిషి పట్టేంత హద్దు. అక్కడ ఉలి తగలని మనిషిని శిల్పి చుట్టుపక్కల వాళ్లతో చెక్కాడు. పలక మొత్తం మీద ఎక్కువ శ్రమ పడిన చోటు అదేనని నా నమ్మకం. ఆ ఆసనం మీద ఒక ముఖం చెక్కి ఉంటే మనం ఆ ముఖాన్ని చూసి ముందుకు వెళ్లిపోతాం. లేదు కాబట్టి భక్తుల చూపు వెంట మన చూపూ వెళ్లి అక్కడ ఆగుతుంది. మనం ఆ గుంపులో చివరి భక్తులమవుతాం.

వెనక వైపు చెక్కిన శిల్పికి కావలసింది వేరు. ఆయన కాలానికి మహాచైత్యం దేశదేశాల యాత్రికులు వచ్చే చోటు. సుమారు 50 మీటర్ల అడ్డుకొలత ఉన్న కట్టడం. దాని చుట్టూ మనిషిని మించిన ఎత్తున రాతి ప్రాకారం. ఆ ప్రాకారానికీ స్తూపానికీ మధ్య దారిలో జనం ప్రదక్షిణగా నడిచేవారు. నడిచేవాడికి ఎదురుగా ఏ క్షణానికాక్షణం ఏదో ఒక కథ కనబడాలి. అందుకే స్తంభం మీద, స్తంభాల మధ్య అడ్డుకమ్మీల మీద, పైన కప్పురాళ్ల మీద ఎక్కడికక్కడ నింపుతూ పోయారు. ఆ కిక్కిరిసిన పని నడిచే కాళ్ల కోసం చేసిన పని. ఒకచోట నిలబడి మొత్తం ఒకేసారి చూడాలనుకుంటే కళ్లు అలిసిపోతాయి.

ఇదే స్తూపం నుంచి చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి చేరిన ఒక గుండ్రటి పతకం ఉంది. క్రీస్తుశకం 2వ శతాబ్దం నాటిది. నలగిరి ఏనుగు కథ. దేవదత్తుడు పన్నాగం పన్ని బుద్ధుని మీదికి మదపుటేనుగును వదులుతాడు. రాజగృహ వీధిలో అది మనుషులను తొక్కుకుంటూ వస్తుంది. బుద్ధుని ముందుకు రాగానే మోకరిల్లుతుంది. ఈ మొత్తం కథ ఒకే వలయంలో ఉంది, ఏనుగు రెండుసార్లు ఉంది. ఒక పక్క విరుచుకుపడుతూ, ఇంకో పక్క తలవంచి. మధ్యలో గీత లేదు, గోడ లేదు. పైన మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగి చూస్తున్నారు. కింద ఒకావిడ భయంతో పక్కనున్న మగవాణ్ని కరుచుకుపోయింది.

ఈ పతకంలో గందరగోళం ఉన్న పక్క శరీరాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, ఊపిరాడని ఇరుకు. తలవంచిన ఏనుగు వైపు వచ్చేసరికి ఆకారాలు నిలువుగా, నెమ్మదిగా నిలబడతాయి. వాటి మధ్య కాస్త గాలి ఆడుతుంది. భయం ఎలా సద్దుమణిగిందో శిల్పి ముఖాల్లో చూపించలేదు, అంత చిన్న ముఖాల్లో అది సాధ్యమూ కాదు. మనుషుల మధ్య దూరాన్ని పెంచి చూపించాడు. పైగా రాతిలో కొద్ది అంగుళాల లోతులోనే ముందువాళ్లు, వెనకవాళ్లు, వాళ్ల వెనక మేడ, మేడలో మనుషులు అని ఇన్ని వరసలు పెట్టాడు. ముందున్నవాళ్లు రాయిని విడిపించుకుని బయటికి వచ్చేలా ఉంటారు. వెనకున్నవాళ్లు రాతిలో కలిసిపోతారు. కిటికీల్లో ఉన్నవాళ్లు మనలాంటివాళ్లు, వీధిలోకి దిగకుండా చూస్తున్నవాళ్లు.

ఈ రాళ్లకు ఇప్పుడు ప్రదక్షిణ దారి లేదు. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి వచ్చేనాటికే దిబ్బ తవ్వడం, రాళ్లు కట్టడాలకు తరలిపోవడం మొదలైంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు వెళ్లాయి, వాటిలో చాలా భాగం తర్వాత లండన్ వెళ్లాయి. నడిచేవాడి కోసం చెక్కిన రాయి గోడకు ఆనుకుని నిలబడింది. మ్యూజియంలో చాలామంది అమరావతి శిల్పం ముందు విసుగుతో రెండు నిమిషాలకే కదిలిపోవడం చూశాను. తప్పు వాళ్లది కాదు. శిల్పి వాళ్ల కోసం వేసిన దారి అక్కడ లేదు. ఎప్పుడైనా వెళితే ఒక పలక ఎదురుగా నిలబడిపోకుండా, గది చుట్టూ కుడిచేతి వైపు రాళ్లు ఉండేలా నెమ్మదిగా నడవండి. తేడా తెలుస్తుంది.

అద్దంలో పడిన ఆకాశం

15వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఫిలిప్పో బ్రునెల్లెస్కి అనే వాస్తుశిల్పి ఒక ప్రయోగం చేశాడు. అక్కడి ప్రధాన చర్చి ఎదురుగా ఉన్న బాప్టిస్టరీ కట్టడాన్ని చిన్న చెక్కపలక మీద చిత్రించాడు. పలకకు ఒక రంధ్రం చేశాడు. చూసేవాడు పలకను వెనక నుంచి కంటికి ఆనించుకుని, ఆ రంధ్రంలోంచి, ఇంకో చేత్తో ఎదురుగా పట్టుకున్న అద్దంలోకి చూడాలి. అద్దంలో బొమ్మ కనిపిస్తుంది. అద్దం తీసేస్తే అసలు కట్టడం కనిపిస్తుంది. రెంటికీ తేడా తెలియనంతగా గీతలు కలిశాయని ఆయన జీవితచరిత్ర రాసిన మనెట్టి చెప్పాడు. ఆ పలక ఇప్పుడు లేదు, ఆ వర్ణనే మిగిలింది.

దూరం పోయేకొద్దీ సమాంతర గీతలు ఒక బిందువు దగ్గర కలుస్తున్నట్టు కనిపించే లెక్క అది. 1435లో లియోన్ బత్తిస్తా అల్బెర్టి దాన్ని చిత్రకారులకు పనికొచ్చేలా పుస్తకంలో పెట్టాడు. కానీ నన్ను ఎక్కువగా పట్టుకున్నది మనెట్టి చెప్పిన మరో చిన్న సంగతి. బ్రునెల్లెస్కి ఆ పలక మీద ఆకాశాన్ని చిత్రించలేదు. ఆ భాగంలో మెరుగుపెట్టిన వెండి రేకు అతికించాడు. నిజమైన ఆకాశం, గాలికి కదిలే మబ్బులు అందులో ప్రతిఫలించాయి. కట్టడానికి అంచులున్నాయి, కొలవొచ్చు. మబ్బును కొలిచే గీత లేదు. చోటును లెక్కలోకి తెచ్చిన మనిషే, లెక్కకు లొంగని చోటును అలాగే వదలడం తెలిసినవాడు కూడా.

ఈ పద్ధతికి గోడ మీద నిలిచిన తొలి గొప్ప ఉదాహరణ అదే నగరంలో శాంతా మరియా నొవెల్లా చర్చిలో ఉంది. మసాచ్చో 1427 ప్రాంతంలో వేసిన 'త్రిత్వం'. మరుసటి ఏడాదికే, 30 ఏళ్లు కూడా నిండకుండానే, అతను చనిపోయాడు. చదునైన గోడ మీద రంగుతో ఒక గదిని లోపలికి తొలిచినట్టు వేశాడు. కమాను కప్పులో చదరాలు లోపలికి పోయేకొద్దీ చిన్నవవుతాయి. శిలువ మీద క్రీస్తు, వెనక తండ్రి అయిన దేవుడు, కింద మరియ, యోహాను, ఇంకా కింద మొక్కుతున్న దంపతులు, అట్టడుగున సమాధి మీద అస్థిపంజరం. గీతలన్నీ కలిసే బిందువు శిలువ అడుగున, చర్చిలో నిలబడ్డ మనిషి కంటి ఎత్తు దగ్గర ఉంటుంది. అందువల్ల మనం క్రీస్తును తలెత్తి చూస్తాం, అస్థిపంజరాన్ని తలదించి చూస్తాం. మసాచ్చో గోడకు కన్నం పెట్టడంతో ఆగలేదు, మన కాళ్ల కింద నేలను కూడా గుర్తుపెట్టాడు. ఆ గుర్తు మీద నిలబడితేనే గది గదిలా ఉంటుంది. పక్కకు జరిగితే కొద్దికొద్దిగా చెదురుతుంది.

బొమ్మ ముందు నిలబడే మనిషికి ఇంత గౌరవం, ఇంత కట్టుబాటు ఒకేసారి ఇచ్చిన పద్ధతి మరొకటి లేదు. లోకం అంతా నీ ఒక్క కంటి కోసం అమరింది, కాకపోతే నువ్వు కదలకూడదు.

మన దేశానికి ఈ పద్ధతి 1850లలో మద్రాసు, బొంబాయి కళాశాలలతో పాఠ్యాంశంగా వచ్చింది. బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని రాజమండ్రి తిరిగివచ్చిన దామెర్ల రామారావు దాన్ని నేర్చుకున్నారు. 1925లో 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయేలోపు ఆయన తెలుగు మనుషులను, తెలుగు ఊళ్లను వేశారు. రాజమండ్రిలోని ఆయన చిత్రశాలకు వెళ్లేవాళ్లు ముఖాలే కాక, మనుషుల మధ్య ఆయన ఉంచిన ఎడాన్ని కూడా చూడాలని కోరుకుంటాను. ఆ పద్ధతి వచ్చాక జరిగిన ఒక నష్టం గురించి కూడా చెప్పాలి. దూరం చిన్నగా, దగ్గర పెద్దగా ఉంటేనే బొమ్మ వచ్చినట్టు అనే అభిప్రాయం బడిపిల్లల దాకా పాకింది. అంతకుముందు మన పల్లెల్లో బతికి ఉన్న వేరే లెక్కలు 'రానివాళ్ల' పనిగా కనిపించడం మొదలైంది.

ఎర్రటి నేల మీద నడిచే కథ

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలనే చిత్రకారులు వేసే పటంలో దగ్గర, దూరం అనేవి లేవు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరాక దాని మీద వేస్తారు. వెనక తలం అంతా ఎరుపు. ఆ ఎరుపు ఆకాశమూ కాదు, నేలా కాదు, గోడా కాదు. దాని మీద నిలబడ్డవాళ్లలో ఎవరు ముఖ్యులో వాళ్లు పెద్దగా ఉంటారు, మిగతావాళ్లు చిన్నగా ఉంటారు. రాజు వెనక్కి కూర్చున్నా పెద్దగానే ఉంటాడు. కథలో అతని బరువు అంత.

పటం పొడవు 40 అడుగులు దాటడం మామూలే. నిలువుగా సాగే ఆ గుడ్డను అంతస్తులుగా, ఒక్కో అంతస్తుకు ఒక్కో ఘట్టంగా విభజిస్తారు. మధ్యలో పూల అంచు ఉంటుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, మాదిగలకు జాంబ పురాణం, ఇలా కులకులానికీ ఒక పటం, దాన్ని చెప్పే కథకుల కుటుంబాలు వేరు. కథకుడు పటాన్ని కొంచెం కొంచెం విప్పుతూ, కర్రతో చూపిస్తూ, పాడుతూ పోతాడు. చూసేవాళ్లు రాత్రిపూట కింద కూర్చుని ఉంటారు. ముందువరసలో పిల్లలు, వెనక వరసలో పెద్దలు, పక్కగా అరుగు మీద ముసలివాళ్లు. మసాచ్చో గుర్తుపెట్టినట్టు ఒకే చోటు ఇక్కడ ఎలా కుదురుతుంది? ఊరంతా కూర్చోవాలి, ఊరందరికీ ఒకేలా కనబడాలి. ఏ పక్క నుంచి చూసినా చెదరని చోటు కావాలి. చదునైన ఎరుపు ఆ అవసరానికి దొరికిన అద్భుతమైన జవాబు. దీపం వెలుతురులో ఆ ఎరుపు మీద పసుపు, నీలం, తెలుపు దూరానికి కూడా తేటగా తెలుస్తాయి. మిగతా లోతంతా కథకుడి గొంతు ఇస్తుంది.

ఇప్పుడు చేర్యాల పని ఎక్కువగా ఫ్రేము కట్టిన చిన్న బొమ్మలుగా, ముసుగు ముఖాలుగా ఇళ్లలోకి వస్తోంది. ఆ కుటుంబాలకు బతుకు దొరకడం ముఖ్యం, కొనేవాళ్లు కొనాలి, కొంటున్నందుకు సంతోషం. అయినా ఒక్క మాట. పటంలో పై ఘట్టం చుట్టుకుపోయి కింద ఘట్టం ఇంకా తెరుచుకోని స్థితిలో, ఆ మధ్య ఘట్టానికి ఒక బిగువు ఉంటుంది. దాన్ని కత్తిరించి ఫ్రేములో పెడితే రంగులు మిగులుతాయి, ఆ బిగువు పోతుంది. ప్రభుత్వ మ్యూజియంలలో ఉన్న పాత పటాలనైనా అప్పుడప్పుడు మొత్తం విప్పి, కథ చెప్పగలిగినవాళ్లను పిలిచి చూపించాలి. వాటి అసలు చోటు అదొక్కటే.

తోలుబొమ్మలాటలో ఖాళీ ఇంకో పని చేస్తుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో బొమ్మలు చేసేవాళ్లు మేకతోలును పారదర్శకంగా అయ్యేదాకా శుభ్రం చేసి, రంగులు వేసి, చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. సీత మెడలో హారం, రావణుడి కిరీటంలో రాళ్లు, చీర అంచు మీద బుటాలు, ఇవన్నీ ఆ రంధ్రాలే. తెర వెనక దీపం వెలిగితే నగ ఉన్నచోట తోలు లేదు, వెలుతురు ఉంది. బొమ్మను తెరకు ఆనించి పడితే అంచు కత్తిలా ఉంటుంది. దీపం వైపు జరిపితే నీడ పెరిగి, మసకబారి, మాయలా కరుగుతుంది. వేలెడు మందం లేని తెర మీద దగ్గర, దూరం చేతి కదలికతో పుడతాయి.

మంచులో పైన్ చెట్లు

జపాన్ చిత్రకారుడు హసెగావా తోహాకు 1539లో పుట్టి 1610లో పోయాడు. క్యోటోలో పెద్దల భవనాలకు బంగారు రేకుల మీద ధగధగలాడే తెరలు వేసి పేరు తెచ్చుకున్నవాడు. ఆయనే 16వ శతాబ్దం చివర్లో నల్లటి సిరాతో మాత్రమే పైన్ చెట్ల తెరలు రెండు వేశాడు. ఒక్కో తెరకు ఆరు మడతలు. ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో జాతీయ సంపదగా ఉన్నాయి. 1593లో ఆయన కొడుకు క్యూజో చిన్నవయసులోనే చనిపోయాడు. ఈ తెరల వెనక ఆ దుఃఖం ఉందని చాలామంది భావిస్తారు.

తెరల మీద ఉన్నవి కొన్ని చెట్ల గుంపులు. మిగతాది కాగితం. చాలా భాగం కాగితమే. కొన్ని చెట్లు గట్టి నలుపులో, గీకినట్టున్న కుంచె దెబ్బలతో ఉంటాయి. దగ్గరికి వెళితే అవి చెట్లలా కూడా ఉండవు, కోపంగా కదిలిన చేయి కనిపిస్తుంది. ఇంకొన్ని నీళ్లు ఎక్కువ కలిపిన సిరాలో, ఉన్నాయో లేవో అన్నట్టు ఉంటాయి. ఈ రెండు నలుపుల తేడాతోనే మధ్యలో ఏమీ వేయని కాగితం మంచుగా మారిపోతుంది. తోహాకు మంచును వేయలేదు. మంచుకు ఇవతల ఒక చెట్టును, అవతల ఒక చెట్టును వేశాడు.

ఒక చెట్టు గుంపు నుంచి ఇంకో గుంపుకు చూపు వెళ్లాలంటే ఆ తెల్లటి చోటును దాటాలి. దాటడానికి సమయం పడుతుంది. బొమ్మ మీద సమయం గడపమని చూసేవాణ్ని అడిగే పద్ధతి ఇది. అమరావతి శిల్పి మనల్ని నడిపించాడు, మసాచ్చో నిలబెట్టాడు, నకాషీ కూర్చోబెట్టాడు. తోహాకు వేచి ఉండమంటాడు. ఇంకో సంగతి ఉంది. ఈ తెరలు గదిలో మడతలు మడతలుగా, వంకరటింకరగా నిలబడతాయి. కొన్ని చెట్లు మనవైపు వస్తాయి, కొన్ని వెనక్కి పోతాయి. పుస్తకంలో చదునుగా అచ్చయిన బొమ్మలో ఆ కదలిక ఉండదు. ఈ తెరలు పుస్తకాల్లో ఎంత అందంగా కనిపించినా, వాటి చోటు సగమే మనకు చేరుతోందని గుర్తుంచుకోవాలి.

మన బడుల్లో డ్రాయింగు పోటీలకు వచ్చే బొమ్మలు చూసినప్పుడల్లా నాకు ఈ తెరలే గుర్తొస్తాయి. పిల్లాడు కాగితం మూలన ఒక మేకను వేసి, మిగతాదంతా వదిలేసి తెస్తాడు. బ్యాక్‌గ్రౌండు నింపుకొని రమ్మని వెనక్కి పంపిస్తారు. పైన నీలం, కింద ఆకుపచ్చ, రెండు కొండల మధ్య సూర్యుడు వచ్చి చేరతాయి. మూలన నిలబడిన ఆ మేకకు ఉన్న ఒంటరితనం పోతుంది. ఆ పిల్లాడు తెలిసి వదిలాడో తెలియక వదిలాడో ముందు అడగాలి. తెలిసి వదిలితే మార్కులు వేయాలి.

నంది చూపు, కాంక్రీటు ఇల్లు

శిల్పంలో చోటు మన ఒంటికి తగులుతుంది. లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దంలో విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో కట్టింది. గుడికి సుమారు 200 మీటర్ల అవతల ఏకశిలా నంది ఉంది. పొడవు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. గుడి ఆవరణలో మరో పెద్ద బండ మీద ఏడు పడగల నాగలింగం. నంది మోర కొంచెం ఎత్తి ఆ వైపే చూస్తున్నట్టు ఉంటుంది. ఫొటోల్లో నంది ఒకటి, నాగలింగం ఒకటి విడివిడిగా వస్తాయి. ఆ రెంటి మధ్య 200 మీటర్లు కూడా శిల్పంలో భాగమేనని నా అభిప్రాయం. అంత దూరం చూపు మోయాలంటే నంది అంత పెద్దది కావాలి. గర్భగుడి ఎదుట పెట్టే చిన్న నందికి ఆ మెడ విరుపు అక్కర్లేదు. లేపాక్షి వెళ్లేవాళ్లు కారులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లకుండా ఆ దూరం నడిచి చూడాలి.

20వ శతాబ్దంలో యూరప్ శిల్పులు ఖాళీని రాతి లోపలికే తీసుకెళ్లారు. 1930ల తొలినాళ్లలో ఇంగ్లండులో బార్బరా హెప్‌వర్త్ రాతి ఆకారానికి ఈ పక్క నుంచి ఆ పక్కకు కన్నం తొలిచింది. హెన్రీ మూర్ పడుకున్న ఆడమనిషి బొమ్మల్లో పొట్ట దగ్గర, మోకాళ్ల కింద గుహల్లాంటి ఖాళీలు పెట్టాడు. వాటిలోంచి వెనకున్న గడ్డి, చెట్లు, ఆకాశం కనిపిస్తాయి. మనం కదిలితే అవీ మారతాయి.

ఈ దారిలో అందరికన్నా దూరం వెళ్లిన పని రేచల్ వైట్‌రీడ్ 1993లో తూర్పు లండన్‌లో చేసిన 'హౌస్'. కూల్చివేతకు సిద్ధమైన ఒక పాత వరస ఇల్లు తీసుకుని, గదుల లోపల గోడలకు కాంక్రీటు పట్టించి, గట్టిపడ్డాక బయటి గోడలను ఊడదీసింది. ఇల్లు పోయి, ఇంట్లో ఉండే ఖాళీ బయట నిలబడింది. నిప్పుగూడు ఉన్నచోట కాంక్రీటు బయటికి పొడుచుకొచ్చింది. తలుపులు, కిటికీలు అచ్చులుగా మిగిలాయి. మనుషులు తిరిగిన గాలి బండ అయింది. ఇప్పటిదాకా చెప్పిన కళాకారుల్లో చాలామంది చోటు వదిలి మనల్ని లోపలికి పిలిచినవాళ్లు. వైట్‌రీడ్ ఆ చోటునే ముద్దచేసి మనల్ని బయట నిలబెట్టింది. లోపలికి వెళ్లే దారి లేదు. ఇల్లు పోగొట్టుకున్న ఎవరికైనా ఆ బయట నిలబడటం ఏమిటో తెలుస్తుంది. పోలవరం ముంపు కింద ఊరు వదిలిన కుటుంబాలకు ఇంకా బాగా తెలుస్తుంది. 1993లోనే వైట్‌రీడ్‌కు టర్నర్ బహుమతి వచ్చింది. 1994 జనవరిలో స్థానిక కౌన్సిల్ 'హౌస్'ను కూల్చేసింది.

బాపు వదిలిన తెలుపు

తెలుగువాళ్లకు ఖాళీని చూడటం నేర్పిన గురువు ఎవరంటే నేను బాపు పేరే చెబుతాను. నరసాపురంలో 1933లో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ, లా చదివి, పత్రికల్లో బొమ్మలు వేసి, సినిమాలు తీసి, 2014లో వెళ్లిపోయారు. ఆయన గీత గురించి మనం చాలా రాసుకున్నాం. గీత పక్కన ఏముందో తక్కువ చూశాం.

బాపు బొమ్మలో ఒక అమ్మాయి మనకు వీపు తిప్పి కూర్చుంటే, జడ ఉంటుంది, మెడ వంపు ఉంటుంది, చెవి దగ్గర ఒక పూవు ఉంటుంది. వీపు ఉండదు. అక్కడ కాగితం ఉంటుంది. జడ ఒక పక్క, చీర కుచ్చిళ్లు ఇంకో పక్క దాన్ని పట్టుకుంటాయి కాబట్టి కాగితమే వీపు అవుతుంది. గోడ వేయరు, గోడకు తగిలించిన లాంతరు వేస్తారు. నేల వేయరు, విడిచిన చెప్పుల జత వేస్తారు. పాఠకుడి మీద ఆయనకున్న నమ్మకం అది. మీ ఊళ్లో గోడ ఎలా ఉంటుందో మీకు తెలుసు, మీరే కట్టుకోండి అన్నట్టు. కోనసీమలో చదివినవాళ్లు ఒక గోడ కట్టుకున్నారు, కరీంనగర్‌లో చదివినవాళ్లు ఇంకో గోడ. బొమ్మ అందరి ఇంట్లోనూ సరిపోయింది.

అచ్చు యంత్రాలు కూడా ఇందుకు ఒక కారణం. ఆ రోజుల పత్రికా కాగితం మీద సన్నని ఛాయలు నిలిచేవి కావు, సిరా పాకి ముద్దయ్యేది. నలుపు తెలుపుల్లోనే పని జరగాలి. ఆ ఇబ్బందిని చాలామంది గీతలు అడ్డంగా నిలువుగా గీకి దాటారు. బాపు తెలుపును వదిలి దాటారు. ఎక్కడ మందంగా ఒత్తాలో, ఎక్కడ గీతను తెంచాలో ఆయనకు తెలుసు. తెగిన గీత దగ్గర లోపలి తెలుపు, బయటి తెలుపు కలిసిపోతాయి. అక్కడ బొమ్మకు వెలుతురు వస్తుంది. ఆయన చేతిరాత కూడా అదే కొలతతో బొమ్మలో చోటు వెతుక్కునేది. తర్వాత అది కంప్యూటరు అక్షరమై పెళ్లి శుభలేఖల దాకా వెళ్లింది.

ఇంకొకటి ముఖ్యం. ఆయన కథకు బొమ్మ వేసేటప్పుడు పేజీ మొత్తం ఆలోచించేవారని పాత సంచికలు తిరగేస్తే అర్థమవుతుంది. కథ పేరు ఒక మూల, మనిషి ఇంకో మూల, మధ్యలో తెలుపు, ఆ తెలుపులోకి కథ మొదటి పేరా వచ్చి చేరుతుంది. అమ్మాయి ఎటు చూస్తోందో అటు అక్షరాలు ఉంటాయి. బొమ్మలో ఖాళీగా ఉన్నచోట రచయిత మాట్లాడతాడు. ఇద్దరు కలిసి చేసిన పేజీ అది.

ఇప్పుడు బాపు బొమ్మలు ఫోన్లలో తిరుగుతున్నాయి. పాత సంచికల నుంచి అభిమానులు ఎంతో ప్రేమతో స్కాన్ చేసి పెడుతున్నారు, వాళ్లు లేకపోతే సగం బొమ్మలు మన పిల్లలు చూసేవాళ్లే కాదు. అయితే చాలామంది బొమ్మ అంచుల దాకా కత్తిరించి, కథ అక్షరాలు తీసేసి, తెలుపు తగ్గించి పెడుతున్నారు. అమ్మాయి చూపు వెళ్లే చోటు పోతోంది. మీ ఇంట్లో, మీ ఊరి గ్రంథాలయంలో పాత వారపత్రికల బైండింగులు ఉంటే పేజీ పేజీగా, నాలుగు అంచులూ కనబడేలా, అక్షరాలతో సహా స్కాన్ చేయండి. తేదీ, సంచిక పేరు పక్కన రాసి పెట్టండి. కాగితం పసుపు రంగుకు తిరిగి ఉంటే దాన్ని కంప్యూటరులో తెల్లగా కడగకుండా అలాగే ఉంచండి.